పేరు చదవని గురువారం

లేదు, మర్చిపోవడం కాదు. మర్చిపోయినవాడికి తను మర్చిపోయిన సంగతి తెలియదు. గెదల్యాకి ఆ క్షణం పొల్లుపోకుండా గుర్తుంది. కాగితం మీద వేలు కిందికి జరుగుతోంది, ఒక్కో పేరు దగ్గర ఆగుతోంది, ఆ పేరు దగ్గర కూడా ఆగింది. నోరు మాత్రం ఆగలేదు. ఒక మెట్టు విరిగి ఉందని తెలిసిన ఇంట్లో మనిషి ఆ మెట్టుని చూడకుండానే దాటేసినట్టు, పై పేరు నుంచి కింది పేరుకి దాటేసింది.

ఎవరూ గమనించినట్టు లేదు. పొద్దుటి ప్రార్థనకి వచ్చింది పద్నాలుగు మంది, అందులో సగం మంది నిద్రకళ్లతో ఉన్నారు. యూదుల మందిరంలో సోమవారం, గురువారం ధర్మగ్రంథం తోరా చుట్ట తెరిచి ఉన్నప్పుడు రోగుల పేర్లు చదివి స్వస్థత అడగాలి. మందిరం పెద్దగా పందొమ్మిదేళ్లుగా ఆ పని గెదల్యాదే. తండ్రి పేరుతో కాదు, తల్లి పేరుతో చదవాలి. ఫలానా తల్లి కూతురు ఫలానా. దయ అడిగేటప్పుడు తల్లి పేరు చెప్పాలని పాతవాళ్ల మాట. సోమవారం నాడు 'యెమీమా, బత్యా కూతురు' అని చదివినప్పుడు తన గొంతు గట్టిగానే ఉంది. అందరూ ఆమేన్ అన్నారు. వెనక బెంచీలో ఎవరో ముక్కు చీదుకున్నారు.

పోయినవాళ్ల పేరు చదవకూడదు. పోయినవాళ్లకి స్వస్థత అడగడమంటే దేవుడి నామాన్ని వృథాగా పలకడం. అందుకని ఎవరైనా పోతే మందిరం పెద్దే ఆ పేరు రబ్బరుతో చెరిపేస్తాడు. ఈ పందొమ్మిదేళ్లలో అలా చాలా పేర్లు చెరిపాడు. కానీ అవన్నీ పాతిపెట్టి వచ్చాక, వీధి గోడ మీద నల్ల అంచు చావు కబురు కాగితం అంటించాక, పక్కింటి పిల్లి దాకా అందరికీ తెలిశాక. ఈ పేరు అలాంటిది కాదు. ఈ పేరు గల మనిషి ఇప్పుడు, ఈ ఆసుపత్రి వరండా గోడకి అవతల, నిమిషానికి పన్నెండుసార్లు ఊపిరి తీసుకుంటోంది. ఊపిరి తీసుకుంటోంది అనాలా, మరి యంత్రం తీసుకుంటోంది అనాలా?

ఆదివారం గెదల్యా కూతురు యెమీమా టీచర్ ట్రైనింగ్ క్లాసులో నల్లబల్ల దగ్గర నిలబడి, తల పట్టుకుని, "ఎవరో కొట్టినట్టుంది" అందట. అంతే. ఇరవై రెండేళ్ల పిల్ల. మెదడులో నరం చిట్లింది. నిన్న సాయంత్రం ఇద్దరు డాక్టర్లు పరీక్షలన్నీ చేసి బ్రెయిన్ డెడ్ అన్నారు. చట్టం ప్రకారం చనిపోయినట్టే అన్నారు. ఆ తర్వాత, అవయవమార్పిడి పని చూసే ఒస్నాత్ అనే నర్సు యెమీమా పర్సులో దొరికిన అవయవదానం కార్డుని రెండు చేతులతో పట్టుకుని వచ్చి గెదల్యా, అతని భార్య బత్యా ముందు పెట్టింది. ఆ కార్డులో కింద ఒక చిన్న గడి ఉంది. నా మరణం తర్వాత నా కుటుంబం ఎంచుకున్న మతగురువు ఒప్పుకుంటేనే. ఆ గడిలో యెమీమా టిక్కు పెట్టింది.

రాత్రంతా గెదల్యా ఆ టిక్కు గురించే ఆలోచించాడు. గీత పైకి తిరిగిన చోట కొంచెం మందంగా ఉంది. పెన్ను అక్కడ ఒక్క క్షణం ఆగింది. అప్పుడు ఆ పిల్ల ఎవరి ముఖం తలుచుకుంది? తండ్రిదా, మేనమామదా? మమ్మల్ని నమ్మిందా, మాకు భయపడిందా? ఒక్కోసారి రెండూ ఒకటే అవుతాయి. అది తండ్రులకి తెలియదు.

"కాఫీ తాగు బావా."

ఎల్యాకీమ్ కాగితం కప్పు అందించాడు. బత్యాకి తమ్ముడు. ధర్మశాస్త్రం చెప్పే పాఠశాలలో గురువు. కోటు నలిగిపోయి ఉంది. నాలుగు రోజులుగా ఇంటికి పోలేదు.

"తాగాను."

"ఎప్పుడు?"

"నిన్న."

"అయితే ఇది నిన్నటిదే అనుకో. రుచి అలాగే ఉంది."

గెదల్యా జేబులో ఫోన్ మోగింది. తియ్యకుండానే తెలుసు, ఎవరిదో ఫ్రిజ్ బాగుచెయ్యాలి. పస్కా పండక్కి మూడు వారాలుంది. ఊళ్లో ప్రతి ఇల్లాలూ ఫ్రిజ్ ఖాళీ చేసి, పండగనాటికి ఇంట్లో ఉండకూడని పులిసిన పిండి ముక్క ఎక్కడైనా ఉందేమోనని గోకి గోకి కడిగి, తర్వాత అది పని చేయడం లేదని గెదల్యాకి ఫోన్ చేస్తుంది. ఫోన్ దానంతటది ఆగింది.

బత్యా ఐసీయూ తలుపు ఎదురుగా బెంచీ మీద కూర్చుని ఉంది. ఒళ్లో కీర్తనల పుస్తకం మూసి ఉంది. వేళ్ల మధ్య యెమీమా దువ్వెన. పొద్దున లోపలికి వెళ్లి పిల్ల జుట్టు దువ్వి వచ్చింది. ఎల్యాకీమ్ గుమ్మం దగ్గరే నిలబడి, "అక్కా, కదపకు. పోయే ప్రాణాన్ని ముట్టుకోకూడదు. ఆరిపోయే దీపం అది, వేలు పెడితే చాలు," అని బతిమాలాడు. బత్యా వినలేదు. అతను మాత్రం ఆ పిల్లని ముట్టుకోలేదు. అక్షరాలు దిద్దించిన మేనమామ. నాలుగు రోజులుగా మంచానికి రెండు అడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతున్నాడు.

"పెద్ద రబ్బీ గారి ఇంట్లో చెప్పి ఉంచాను," అన్నాడు. కార్డు అడిగిన మతగురువుగా అతను అనుకున్నది ఆయన్నే. "మధ్యాహ్నం లోపల ఆయన శిష్యుడు ఫోన్ చేస్తాడు. తండ్రివి నువ్వు, నువ్వే మాట్లాడాలి."

"ఆయన ఏం చెబుతాడు?"

"అది ఆయన చెప్పాలి."

"ఏం చెబుతాడో నీకు తెలుసు కదా ఎల్యాకీమ్."

ఎల్యాకీమ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "గుండె కొట్టుకుంటున్నంతసేపు మనిషి బతికున్నట్టే అంటారు ఆయన. ఇరవై ఏళ్లుగా అంటున్నారు. నేనూ అదే చదువుకున్నాను. చూడు బావా, శరీరాన్ని కొయ్యకూడదు, ఆలస్యం చేయకుండా మట్టి చెయ్యాలి, అవేవీ ఇక్కడ అడ్డం కాదు. ఒక ప్రాణం నిలబడుతుందంటే అవన్నీ పక్కకి జరుగుతాయి. ఆ మాట నేనే అందరికీ చెబుతాను. అడ్డం ఒక్కటే. పిల్ల పోయిందా లేదా. పోకపోతే, ఆ గుండె తియ్యడం..." ఆగాడు. "ఆ మాట నా నోటితో అనిపించకు."

ఒస్నాత్ కొంచెం దూరంలో నిలబడి ఉంది. తలగుడ్డ కట్టుకుంది, ఆమె కూడా నియమాలున్న ఇంటి మనిషే. మెల్లగా అంది, "వేరే పెద్దలు కూడా ఉన్నారండీ. ఊపిరి ఆగితే మనిషి పోయినట్టేనని పాత గ్రంథంలోనే ఉందంటారు. కూలిన ఇంటి కింద దొరికినవాడి ముక్కు దగ్గర చూసేవారట. యెమీమాకి సొంత ఊపిరి లేదు. ఆ పరీక్షలు ఎలా చేస్తారో దగ్గరుండి చూసి నేర్చుకున్న రబ్బీలు ఉన్నారు. ఇద్దరి నంబర్లు నా దగ్గరున్నాయి."

"వాళ్లు ఏం చెబుతారు?" అన్నాడు గెదల్యా.

ఒస్నాత్ తల దించుకుంది. "ఒప్పుకుంటారు."

ఇదీ సంగతి. తీర్పు పుస్తకంలో లేదు, ఫోన్ నంబర్లో ఉంది. ఈ నంబరు నొక్కితే కూతురు బతికున్నట్టు, ఆ నంబరు నొక్కితే పోయినట్టు. దేవుడు పెట్టిన ధర్మాన్ని మనిషి ఇలా బజారులో పండులా ఏరుకుంటాడా? అయినా ఏరుకోకుండా ఉండే దారి కూడా లేదు. ఎవరికీ ఫోన్ చెయ్యకపోవడం కూడా ఒక నంబరే.

"సందేహం ఉన్నప్పుడు ప్రాణం వైపే మొగ్గాలి," అన్నాడు ఎల్యాకీమ్.

"ఎవరి ప్రాణం వైపు?"

"బావా, నువ్వు ఫ్రిజ్‌లు బాగుచేస్తావు, నేను పుస్తకాలు చదువుతాను. ఎవరి పని వాళ్లం చేద్దాం."

"నా పని తప్పయితే సాయంత్రానికి వాసనొస్తుంది. నీ పని తప్పయితే ఎవరికి తెలుస్తుంది?"

"చాలు," అంది బత్యా, తల ఎత్తకుండా. "మందిరంలో ముందు వరస కుర్చీ కోసం కొట్టుకుంటున్నట్టున్నారు ఇద్దరూ."

లిఫ్ట్ తెరుచుకుంది. మజాల్ వచ్చింది. వాళ్ల వీధిలోనే ఉంటుంది, బజారులో ఊరగాయలు అమ్ముతుంది, వయసు అరవై దాటింది. రెండు చేతులతో గిన్నె, దాని చుట్టూ తువ్వాలు. మాంసం ఉండలు పులుపు వేసి కాచిన కుబ్బె చారు వాసన వరండా నిండా పరుచుకుంది.

"ఇది తిను బత్యా. తినకపోతే నా మీద ఒట్టు," అంటూ బెంచీ దాకా వచ్చింది. "మీ ఆయన బాగుచేసిన ఫ్రిజ్‌లో పెట్టలేదులే, భయపడకు, పొద్దున్నే వండాను. ఆ ఫ్రిజ్ నా కోడలి కంటే ఎక్కువ గొణుగుతోంది..." అని మాట ఆపేసింది.

ఆమె చూపు ఒస్నాత్ మీద ఆగింది. ముఖం మీద, తర్వాత మెడలో వేలాడే కార్డు మీద. మజాల్ గిన్నెని నెమ్మదిగా నేల మీద పెట్టింది. నిలబడ్డాక చేతులు ఏం చెయ్యాలో తెలియక తువ్వాలు మడత పెట్టింది, మళ్లీ విప్పింది.

ఆమె కొడుకు అమ్రామ్‌కి గుండె పాడైపోయి తొమ్మిది నెలలు. వేరే గుండె దొరికితే తప్ప లాభం లేదన్నారు. ముప్పై ఒక్కేళ్లవాడు ఇంటి మెట్లు ఎక్కుతూ మధ్యలో కూర్చుండిపోతున్నాడు.

"గెదల్యా, ఇటు రా. ఒక్క మాట."

"ఇక్కడే చెప్పు మజాల్ వదినా," అంది బత్యా. "ఈ నాలుగు రోజుల్లో నాకు వినబడకుండా చెప్పిన మాటల్లో ఒక్కటీ మంచిది కాదు."

మజాల్ తువ్వాలు భుజాన వేసుకుంది.

"అమ్రామ్ పేరు జాబితాలోంచి తీసెయ్యి నాయనా. చదవకు."

"ఏమిటి?"

"చదవకు. ఈ వారం వద్దు. తర్వాత సంగతి తర్వాత." తల తిప్పి ఒస్నాత్ వైపు చూపించింది. "ఈ అమ్మాయిని నేను ఎరుగుదును. కింద మా గుండె క్లినిక్కులో ఈమె నడిచి వస్తే మేమంతా కుర్చీల్లో సర్దుకుని కూర్చుంటాం. ఏదైనా కబురేమోనని. మాకు ఈమెని చూస్తే పండగ. ఈమె అటు వచ్చే ముందు ఎటు వెళ్లి వస్తుందో నేను ఎప్పుడూ..." తల అడ్డంగా ఊపింది. "ఆలోచించలేదని అబద్ధం ఎందుకు ఆడాలి. ఆలోచించాను. స్వస్థత, స్వస్థత అని నువ్వు చదువుతావు, ఆమేన్ అని నేను పైన ఆడవాళ్ల వరసలోంచి అంటాను. కానీ నేను అడిగేది స్వస్థత కాదు కదా. గుండె. గుండె ఆకాశంలోంచి ఊడిపడదు. ఎవరో ఒక పిల్లో పిల్లాడో. ఆ ముఖం ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంచుకునేదాన్ని. ఇవాళ అందులోకి ముఖం వచ్చింది."

"అమ్మా," అంది ఒస్నాత్, "ఎవరిది ఎవరికి వెళుతుందో నాకే తెలియదు. జాబితాలో ఎవరికి ముందు అవసరమో, ఎవరికి సరిపోతుందో వాళ్లకి. మీ అబ్బాయికే అని..."

"తెలుసు తల్లీ. మా వాడికి రాకపోవచ్చు. అయినా నేను అడిగాను కదా. అడిగిన నోరు నాదే కదా." గెదల్యా వైపు తిరిగింది. "పిల్ల పోవాలని నేను ఒక్కనాడూ కోరలేదు. నమ్ముతావా?"

"నమ్ముతాను."

"అయితే తీసెయ్యి."

"పొద్దున చదివేశాను వదినా."

"చదివావా?"

"గట్టిగా చదివాను," అన్నాడు గెదల్యా. అన్న తర్వాత ఆ మాట తనకే వినబడింది. అవును, గట్టిగా. పై పేరు దాటేసిన గొంతు కింది పేరు మీద పడి, అవసరానికి మించి గట్టిగా పలికింది. జాబితాలో రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఒక ప్రాణాన్ని తోసి ఇంకో ప్రాణాన్ని నిలబెట్టకూడదని చిన్నప్పుడే నేర్పారు. తను తోశాడా? నోరు తోసిందా? తనకంటే ముందు తనలో ఎవరు ఈ తీర్పు చెప్పారు?

"మరి మన పిల్లది?" అంది బత్యా.

ఆ ప్రశ్న చాలా మామూలుగా అడిగింది. పాలు తెచ్చావా అని అడిగినట్టు.

గెదల్యా కాఫీ కప్పు వైపు చూశాడు.

"మన పిల్ల పేరు చదివావా గెదల్యా?"

"లేదు."

"జాబితాలో ఉందా?"

"ఉంది."

"కనిపించిందా?"

"కనిపించింది."

"అయినా చదవలేదు."

"నోరు దాటేసింది బత్యా. నేను అనుకుని చేసింది కాదు."

ఎల్యాకీమ్ లేచి బావ భుజం మీద చెయ్యి వేశాడు. "అక్కా, అది తీర్పు కాదు. అలసట. నాలుగు రోజులుగా నిద్ర లేని మనిషి. ఇవాళే ఇంకో మందిరంలో చదువుదాం, నేనే చదువుతాను." ఆ గొంతులో ప్రేమే ఉంది. బావకి దాక్కోవడానికి చోటు చూపిస్తున్నాడు.

"నువ్వు నాలుగు రోజులుగా దాని చెయ్యి ముట్టుకోలేదు," అంది బత్యా. "అది అలసటా?"

ఎల్యాకీమ్ చెయ్యి తీసేశాడు.

"నువ్వు ముట్టుకోకపోతే అది ధర్మం. ఆయన చదవకపోతే అలసట. నేను దువ్వితే పాపం." అప్పుడు భర్త వైపు చూసింది. ఏడవలేదు. ఏడుపు అయిపోయిన ముఖం కాదు అది, ఇంకా మొదలు కాని ముఖం. "అక్కడ వట్టి యెమీమా అని ఉండదు. బత్యా కూతురు అని ఉంటుంది. నన్ను అడగకుండా నా పేరు కూడా దాటేశావు."

గెదల్యాకి అంతవరకూ తట్టని సంగతి అదే. పొద్దుటి నుంచి తన నోటి గురించే ఆలోచిస్తున్నాడు. తన గొంతు, తన తప్పు, తన వేలు. తప్పు కూడా తనదే అనుకోవడంలో ఒక స్వార్థం ఉంది, దుఃఖం మొత్తం తన పేరు మీదే రాసుకున్నట్టు. ఆ వరసలో ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. ఒకరు లోపల, ఒకరు ఈ బెంచీ మీద. ఇద్దరినీ ఒక్క అడుగులో దాటాడు.

మజాల్ బత్యా పక్కన కూర్చుంది. ముట్టుకోలేదు. కొంచెం ఎడంగా, లేచిపోవడానికి వీలుగా కూర్చుంది. "నేను వెళ్లనా?" అని అడిగింది.

"కూర్చో," అంది బత్యా.

లోపల్నుంచి డాక్టరు తల బయటపెట్టి ఒస్నాత్‌తో ఏదో చెప్పాడు. ఒస్నాత్ వీళ్ల దగ్గరికి వచ్చింది. "రక్తపోటు పడిపోతోందండీ. మందులతో నిలబెడుతున్నారు. తొందరపెట్టడం నా పని కాదు. వద్దంటే యంత్రం అలాగే ఉంటుంది, గుండె దానంతటది ఆగేదాకా ఎవరూ ముట్టుకోరు. కానీ ఇవ్వాలనుకుంటే, మధ్యాహ్నం దాటాక ఇవ్వడానికి ఏమీ మిగలకపోవచ్చు."

ఎల్యాకీమ్ ఫోన్ మోగింది. తెర మీద పేరు చూసి నిటారుగా నిలబడ్డాడు. "పెద్ద రబ్బీ గారి ఇల్లు." రెండు చేతులతో ముందుకు చాపాడు. "మాట్లాడు బావా."

ఒస్నాత్ చేతిలో రెండు నంబర్లున్న కాగితం ఉంది. ఆమె దాన్ని చాపలేదు, దాచుకోనూ లేదు.

గెదల్యా బత్యాని చూశాడు. "నువ్వు చెప్పు. ఎవరికి చెయ్యను?"

"ఎవరికైనా చెయ్యి. ఏం చెబుతారో నీకు ముందే తెలిసినవాళ్లకి మాత్రం వద్దు. అది అడగడం కాదు, సంతకం పెట్టించుకోవడం." దువ్వెన పళ్ల మీద బొటనవేలు నడిపింది. "దానికి ఇవ్వాలని ఉంది. కార్డు అందుకే తీసుకుంది. అడగమని కూడా మనకి చెప్పింది. నిజంగా అడగమంది."

ఎల్యాకీమ్ చేతిలో ఫోన్ మోగి మోగి ఆగింది. ఎవరూ దాన్ని తీసుకోలేదు.

గెదల్యా తన ఫోన్ తీశాడు. ఒక నంబరు కంఠతా వచ్చు. హఖాం యోనాది. హఖాం అంటే వాళ్లలో ధర్మం తెలిసిన పండితుడు. కుర్దు కొండల నుంచి చిన్నప్పుడు వచ్చినవాడు, ఎనభై ఆరేళ్లు. కూరగాయల బజారు వెనక రెండు గదుల ఇల్లు, ప్రతి ఎండాకాలం పాడయ్యే ఫ్రిజ్. సాయంత్రాలు ఎనిమిది మంది ముసలివాళ్లకి పాఠం చెబుతాడు. ఏది అడిగినా మొదటి జవాబు ఒకటే. నాకు తెలియదు, కూర్చో. రెక్క విరిగిన కోడి తినొచ్చా అని అడిగితే మూడు రోజులు ఆలోచించిన మనిషి. ఈ విషయంలో ఆయన ఏమంటాడో ఊళ్లో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు.

"ఆయనా?" అన్నాడు ఎల్యాకీమ్. "ఆయనకి సరిగ్గా వినపడదు."

"రెండుసార్లు అడుగుతాను."

"తెలియదంటే? మధ్యాహ్నం దాకానే టైముంది బావా, మూడు రోజులు లేదు."

గెదల్యా నంబరు నొక్కాడు. అవతల చాలాసేపు మోగింది. వరండాలో మజాల్ ఊపిరి, యంత్రం ఊపిరి విడివిడిగా వినిపిస్తున్నాయి. చివరికి ఎత్తారు. దగ్గు, కుర్చీ జరిగిన చప్పుడు.

"ఎవరు?"

"గెదల్యానండీ. ఫ్రిజ్‌ల గెదల్యా."

"ఆ, గెదల్యా. అది మళ్లీ నీళ్లు కారుతోంది."

"వస్తానండీ. ఒక ప్రశ్న ఉంది, ధర్మం అడగాలి."

"అడుగు. పండగ ముందు పొద్దుటి నుంచీ ప్రశ్నలే. వంటింటి గురించా?"

"కాదండీ. మనిషి గురించి." గట్టిగా, మళ్లీ చెప్పాడు. "మనిషి గురించి."

అవతల కుర్చీ చప్పుడు ఆగింది. ముసలి గొంతు మెత్తబడింది.

"చెప్పు నాయనా. బతికున్న మనిషేనా?"

గెదల్యా పెదవులు కదిలాయి. ఒక్క మాట చాలు. అవును, లేక కాదు. రెండూ నాలుక మీదే ఉన్నాయి, రెండూ పొద్దుటి మాటలాగే తమంతట తాము జారడానికి సిద్ధంగా ఉన్నాయి.

బెంచీ దగ్గరికి నడిచాడు. బత్యా ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఆమె వేళ్ల మధ్య నుంచి దువ్వెన మెల్లగా తీసి, ఫోన్ ఆ చేతిలో పెట్టాడు.